అన్‌డూ లేని చదరంగం

మా తోడల్లుడికి శ్రీకారం అని పేరు పెట్టింది మా అత్తగారు. కొత్తవాళ్లు ఆ పేరు విని మహా భక్తుడేమో అనుకుంటారు. అదేం కాదు. ఏ పనికైనా శ్రీకారం చుట్టడమే తప్ప ముగించడం తెలియని మనిషి కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఈత నేర్చుకుంటానని కళ్లద్దాలూ టోపీ కొనుక్కుని, నీళ్లు మెడదాకా రాకముందే మానేశాడు. గిటారు తెచ్చి, తీగలు బిగించి, శ్రుతి కుదిరాక ఇక అందులో నేర్చుకునేదేముందన్నాడు. వంటగదికి రంగు తనే వేస్తానని మూడు గోడలు వేశాడు. నాలుగో గోడకి ఫ్రిజ్ అడ్డం పెట్టి మా మరదలు పరువు కాపాడుకుంది. ఉద్యోగం ఒక్కటే మానలేదు. అది అతను మొదలుపెట్టింది కాదు, వాళ్ల నాన్న చూసిపెట్టింది.

ఆ ఉద్యోగం ఒక రంగుల కంపెనీ ఆఫీసులో. అక్కడి కంప్యూటర్లన్నీ అతని చేతిలో ఉంటాయి. అంటే, ఎవరైనా ప్రింటర్ పనిచేయడం లేదంటే వెళ్లి, దాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేసి వస్తాడు. కానీ లోపల తానొక ప్రోగ్రామర్నని అతని గట్టి నమ్మకం. ఇంట్లో ముందుగదిలో కిటికీ పక్కన బల్ల మీద అతని సొంత కంప్యూటరుంది. అందులో ఐడీఈ అనే సాఫ్ట్‌వేరుంది. సాఫ్ట్‌వేర్లు తయారుచేసే సాఫ్ట్‌వేరన్నమాట. రాసుకోవడానికి చోటు, రాసిందాన్ని కలిపికుట్టే యంత్రం, తప్పు దొరికితే ఎర్రగీత గీసే మాస్టారు, అందరూ అందులోనే కాపురం ఉంటారు. దాంట్లో ‘కొత్త ప్రాజెక్టు’ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కడమంటే శ్రీకారానికి ప్రాణం. నొక్కుతాడు, పేరు పెడతాడు, బొమ్మ ఎంచుకుంటాడు, అక్షరాల రంగు మారుస్తాడు, కుర్చీలో వెనక్కి వాలి తృప్తిగా చూసుకుంటాడు. అక్కడితో ఆ ప్రాజెక్టుకి ఆయువు తీరుతుంది. ‘కొత్తది’, ‘కొత్తది అసలు’, ‘ఇదే ఫైనల్’, ‘ఫైనల్ తర్వాతది’ అని ఫోల్డర్లు పడుంటాయి, ఎవరూ రాని పెళ్లికి అచ్చువేసిన శుభలేఖల్లాగ.

నాది పళ్లు కట్టే పని. డాక్టరు నోటి అచ్చు పంపితే దానికి సరిపడే సెట్టు చేసి పంపుతాను. పైపళ్లు ఇప్పుడు, కిందివి వీలున్నప్పుడు అంటే ఎవరూ ఊరుకోరు కాబట్టి, నాకు పని పూర్తి చేయడం అలవాటైంది. అందులో నా గొప్పేం లేదు.

ఇక మా అత్తగారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆవిడ తీగ తగిలిస్తేనే. అలా వేలమందిని కలిపిన ఆవిడ సొంత తమ్ముడితో మాత్రం మాట్లాడరు. కారణం ఒక గుర్రం. చదరంగంలోది.

ఆ తమ్ముడు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసేవాడు. వరస ప్రకారం మాకు బాబాయి కావాలి గానీ, మా ఆవిడా మరదలూ మామయ్య అంటారు కాబట్టి మేమూ మామయ్యనే అంటాం. అక్కాతమ్ముళ్లు చిన్నప్పటినుంచీ చదరంగం ఆడేవాళ్లు. ఒక మధ్యాహ్నం మా అత్తగారింట్లో ఆట మంచి పట్టులో ఉండగా, మామయ్య గుర్రాన్ని తెచ్చి సరిగ్గా ఆవిడ బంటు నోటికి అందేచోట పెట్టాడు. పెట్టి చెయ్యి తీశాడు. చెయ్యి తీశాక ఎత్తు మార్చడానికి లేదు. ఆవిడ చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు చూడగానే ఆయన గుర్రాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చాడో అక్కడే పెట్టేశాడు.

“చెయ్యి తీశావు” అంది ఆవిడ.

“తియ్యలేదు” అన్నాడు ఆయన.

‘ఇప్పుడే ఎక్కానండీ’ అన్న ఒక్క ప్రయాణికుణ్ణీ జీవితంలో నమ్మని మనిషి, తన మాట మాత్రం నమ్మాలని కూర్చున్నాడు. మాటా మాటా పెరిగింది. ఆవిడ పావులన్నీ పెట్టెలో గుమ్మరించింది. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. ఏ ఫోటో చూసినా ఆవిడ ఈ చివర, ఆయన ఆ చివర. మధ్యలో మేమందరం సరిహద్దు కంచెలాగ నిలబడి పళ్లికిలించి ఉంటాం.

అలాంటిది, మామయ్య స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయనుండే ఊరికి నేనూ మా ఆవిడా చూడ్డానికి వెళ్లాం. మంచం మీద పడుకుని, పక్కన కొడుకు పెట్టిచ్చిన కంప్యూటరులో తుంటి ఎముకల బొమ్మలు చూసుకుంటున్నాడు. పలకరింపులయ్యాక పైకప్పు వైపు చూస్తూ నాతో అన్నాడు:

“మీ అత్తగారితో చెప్పబ్బాయ్. ఆ ఆట ఇంకా మిగిలే ఉంది. ఎత్తు నాది.”

తిరిగొచ్చి చెప్పాను. అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేశారు.

“ఎత్తు వాడిది కాదు, నాది” అన్నారు. దుప్పటి పక్కన పెట్టి, “ఆడతానని చెప్పండి. మాట్లాడనని కూడా చెప్పండి” అన్నారు.

ఫోన్లో చదరంగం ఆడుకునే యాప్‌లు కుప్పలున్నాయి కదా అని మా ఆవిడ ఒకటి దించి వాళ్లమ్మకు చూపించింది. తెరవగానే బూట్ల ప్రకటన వచ్చింది. అది పోగానే ఎవరో ముక్కూమొహం తెలియనివాడు నవ్వు బొమ్మ పంపాడు. అత్తగారు అదంతా ఓర్చుకున్నారు. తెర కింద ఒక మీట మీద వేలు పెట్టి, “ఇదేంటే?” అన్నారు.

“అన్‌డూ అమ్మా. వేసిన ఎత్తు నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు.”

ఆవిడ ఫోన్ను బోర్లా పెట్టేశారు. “అంటే లోకం మొత్తం వాడి పక్షమే చేరిందన్నమాట.”

ఈ మాట జరిగింది శ్రీకారం ఇంట్లో, ఆదివారం భోజనాల దగ్గర. శ్రీకారం నోట్లో ముద్ద ఉండగానే అన్నాడు: “నేను చేసిస్తానత్తయ్యా. అన్‌డూ లేకుండా. ఎవరి నవ్వులూ లేకుండా. మీ కంప్యూటర్లో పెద్ద పెద్ద గళ్లతో.”

వడ్డిస్తున్న మా మరదలి చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. నేను మంచినీళ్లు తాగడం మొదలుపెట్టాను, నవ్వు కనపడకుండా.

“ఇవాళే మొదలుపెడతాను” అన్నాడతను.

“మొదలుపెడతారు, అందులో నాకేం అనుమానం లేదు” అన్నారు అత్తగారు. చెయ్యి కడుక్కుని, కుర్చీ ఈడ్చుకొచ్చి, అతని కంప్యూటరు పక్కనే వేసుకుని కూర్చున్నారు. అతని జీవితంలో ఇది కొత్త. అప్పటిదాకా ఏ ప్రాజెక్టు చచ్చిపోయినా పక్కన సాక్షి లేదు.

‘కొత్త ప్రాజెక్టు’ నొక్కాడు. ఏ రకం కావాలని తెర అడిగింది. “డెస్క్‌టాప్ క్లయింటు” అంటూ ఒకటి ఎంచుకున్నాడు.

“క్లయింటు అంటే నేనే కదా?” అన్నారు అత్తగారు.

“మీరు కాదత్తయ్యా. మీ కంప్యూటర్లో కూర్చునే ప్రోగ్రాముని క్లయింటంటారు. మామయ్య దగ్గర ఇంకో క్లయింటు. మధ్యలో మా ఇంట్లో సర్వరు. మీ ఎత్తు దానికి చెప్తే, అది మామయ్యకి చేరేస్తుంది.”

“నా పాత ఉద్యోగం దానికిచ్చారన్నమాట. చాటుగా వినదు కదా?”

“వినదు.”

“అయితే దానికి ఆ ఉద్యోగంలో మజా తెలియదు, పాపం.”

తర్వాత పేరు దగ్గర ఆగిపోయాడు. ‘రాజసం’ అన్నాడు, ‘చతురంగబలం’ అన్నాడు, ఇంకేవో అన్నాడు. టీ వచ్చింది, చల్లారింది. “పిల్ల పుట్టాక పేరు పెడతారా, పేరు కుదిరితేనే పుట్టిస్తారా?” అని అత్తగారు అడిగేసరికి చివరికి ‘అత్తయ్య చదరంగం (అసలు)’ అని తెలుగులోనే కొట్టి, సరే నొక్కాడు. ఫోల్డర్లు పుట్టుకొచ్చాయి. ఖాళీ కిటికీ ఒకటి తెరమీద నిలబడింది. రాసిందాన్ని కలిపికుట్టే ‘బిల్డ్’ మీట నొక్కాడు. రాసిందేమీ లేదు, తప్పు రావడానికి వీల్లేదు. అయినా తెర కింద ఎర్రటి వరసలు జలజలా రాలాయి.

అతను ముందు మౌసును అనుమానించాడు. తర్వాత నన్ను అనుమానించాడు, వెనక నిలబడ్డానని. మధ్యాహ్నమంతా తవ్వగా తేలిందేమంటే, కలిపికుట్టే పనిముట్లలో ఒకదానికి ఫోల్డరు పేరులోని తెలుగు అక్షరాలు మింగుడుపడలేదు.

“మన భాష చదవడం రానివాణ్ణి పనిలో ఎందుకు పెట్టుకున్నారు?” అన్నారు అత్తగారు. అతను పేరును ఇంగ్లీషులో పొట్టిగా మార్చి, మళ్లీ బిల్డ్ నొక్కాడు. ఎర్రవరసలు పోయాయి. ఖాళీ కిటికీ మళ్లీ వచ్చింది. ఖాళీ కిటికీ చూసి అంత సంబరపడిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. గళ్లు వచ్చాయి. పావులొచ్చాయి. బంటు ముందుకు నడిచింది. ఒక వారం గుర్రం ఏనుగులాగ తిన్నగా పోయింది, దాన్ని దారికి తేవడానికి ఇంకో వారం పట్టింది. ఇక మిగిలింది పావులు ఎక్కడ కదలొచ్చో, ఎక్కడ కూడదో ఒక్కొక్కటీ రాయడం, సర్వరుతో మాట కలపడం. అంటే మజా లేని చాకిరీ. సరిగ్గా అక్కడే శ్రీకారం కళ్లలో పాత వెలుగు కనిపించింది.

“అత్తయ్యా, ఇది పాత పద్ధతి. ఇప్పుడంతా ఇంకో దాంట్లో చేస్తున్నారు. ఇది తీసేసి దాంట్లో కొత్తగా మొదలుపెడితే అద్భుతంగా...”

“మీరూ మా తమ్ముడూ ఒకటే బాపతు” అన్నారు అత్తగారు, గొంతు పెంచకుండా. “ఎత్తు వేస్తారు. కష్టం కనపడగానే వెనక్కి లాగుతారు.”

అతను కంప్యూటరు ఆపేసి బయటికి వెళ్లిపోయాడు. మరుసటి ఆదివారం అత్తగారు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మా మరదలు ఆ బల్ల మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఒక ప్రాజెక్టుకి అంత్యక్రియలు అలాగే జరుగుతాయి.

ఒక సాయంత్రం శ్రీకారం నా పనిగదికి వచ్చాడు. చుట్టూ అరల్లో ఊరి జనం దవడల అచ్చులు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటి మధ్య స్టూలు మీద కూర్చున్నాడు.

“అన్నయ్యా, నిజంగా నేను ఏదీ పూర్తి చెయ్యలేదా?”

“పెళ్లి పూర్తిగా చేసుకున్నావు కదా.”

“అది మీ మరదలు పూర్తి చేసింది” అన్నాడు. నేను నవ్వాను, అతను నవ్వలేదు. ఒక దవడను చేతిలోకి తీసుకుని దాని పళ్లని తడుముతూ కూర్చున్నాడు. “బద్ధకం కాదన్నయ్యా. సగంలో ఉన్నదానికి ఎవరూ వంక పెట్టరు. ‘ఇంకా అవుతోంది’ అంటే సరిపోతుంది. పూర్తయిందంటే మాత్రం చూస్తారు. చూసి, ఇంతేనా అంటారు.”

ఎగతాళికి అలవాటుపడిన నోరు అలాంటప్పుడు పనికిరాదు.

“నీ సెట్టు పెట్టుకున్నవాళ్లు నొప్పి అంటే ఏం చేస్తావు?” అని అతనే అడిగాడు.

“గుచ్చుకునే చోట అరగదీసి ఇస్తాను.”

“తిడతారా?”

“తిడతారు. పళ్లు తీసి తిడతారు కాబట్టి సగం అర్థం కాదు.”

అప్పుడు నవ్వాడు. దవడను దాని అరలో పెట్టి, పెట్టిన తీరు సరిగా లేదని మళ్లీ సర్ది మరీ వెళ్లాడు. ఆ ఆదివారం పొద్దున్నే అత్తగారికి ఫోన్ చేసి, “కుర్చీ వేశాను, రండి” అన్నాడట. ఆవిడ వెళ్లారు. గొడవ గురించి ఇద్దరూ ఒక్క ముక్క ఎత్తలేదు. ఇస్త్రీ బట్టలు మంచం మీదికి వెళ్లాయి. కొన్ని వారాల తర్వాత ముందుగదిలోంచి అత్తగారూ, పడకగదిలోంచి మా మరదలూ ఒక ఆట మొదటినుంచి చివరిదాకా ఆడారు. మరదలు చిత్తుగా ఓడింది. ప్రోగ్రాము మాత్రం ఎక్కడా ఆగలేదు.

అత్తగారి కంప్యూటర్లో పెట్టేశాక, మామయ్య దగ్గర పెట్టడానికి నేనూ శ్రీకారం బస్సెక్కి వెళ్లాం. మామయ్య దిండ్ల మీద వాలి కూర్చుని ఉన్నాడు. శ్రీకారం చిన్న పెన్‌డ్రైవులోంచి ప్రోగ్రాముని ఎక్కించి, చేతులు తుడుచుకుని, నొక్కాడు. తెర మీద ఒక బూడిదరంగు పెట్టె వచ్చి, ఏదో ఫైలు లేదని చెప్పి, పోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చింది, పోయింది.

“మా ఇంట్లో పనిచేసింది మామయ్యా. ఒట్టు.”

“అందరూ అదే చెప్తారబ్బాయ్, ఇంటి దగ్గర టికెట్ ఉండేదని” అన్నాడు మామయ్య, మహా సంతోషంగా. చాలాకాలానికి ఆయనకి ఒక కేసు దొరికింది.

పాత శ్రీకారమైతే ‘ఈ కంప్యూటరు పనికిరాదు’ అని తీర్పిచ్చి వచ్చే బస్సెక్కేవాడు. ఈ శ్రీకారం సంచిలోంచి తన లాప్‌టాప్ తీసి, మామయ్య మంచం అంచున కూర్చుని ఐడీఈ తెరిచాడు. సంగతేమిటంటే, ప్రోగ్రాముకి తోడుగా కొన్ని ఫైళ్లు కావాలి. అవి అతని ఇంటి కంప్యూటర్లలోనూ అత్తగారి దాంట్లోనూ ముందే ఉన్నాయి, ఇక్కడ లేవు. అలా దేని మీదా ఆధారపడకుండా, కావలసినవన్నీ మూటలో కట్టుకుని బయల్దేరేలా మళ్లీ బిల్డ్ చేయాలి. రెండుసార్లు తప్పింది. మామయ్య ప్రతిసారీ “జరిమానా” అన్నాడు. ఆ తర్వాతిసారి తెర నిండా గళ్లు పరుచుకున్నాయి. మామయ్య అనడం ఆపేశాడు.

ఇప్పుడు పాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడ పావులు పేర్చాలి. నేను ఫోన్లో అత్తగారిని అడుగుతుంటే, మంచం మీంచి మామయ్య చెప్తుంటే, శ్రీకారం పెడుతూ పోయాడు. అన్నేళ్ల తర్వాత కూడా ఇద్దరికీ ప్రతి పావూ గుర్తుంది. ప్రతి గడీ కలిసింది. గుర్రం తప్ప.

“నా బంటు నోటి దగ్గరుంది” అన్నారు అత్తగారు.

“చివర గడిలో ఉంది” అన్నాడు మామయ్య.

“అక్కడెవరో ఏదో అంటున్నట్టున్నారు?” అన్నారు అత్తగారు నాతో.

“ఎవరూ లేరని చెప్పు” అన్నాడు మామయ్య.

శ్రీకారం గుర్రాన్ని మౌసుతో పట్టుకుని, ఎక్కడా దించకుండా తెర మధ్యలో ఊపుతూ కూర్చున్నాడు. “మామయ్యా, ఇది ఎక్కడో ఒకచోట దిగాలి. రెండుచోట్ల పెట్టడం నాకు రాదు.”

మామయ్య చాలాసేపు కిటికీలోంచి చూశాడు. ఎదురింటి మేడ మీద ఎవరో నీళ్ల ట్యాంకు కడుగుతున్నారు. అది పూర్తిగా కడిగేదాకా చూసేలా కనిపించాడు.

“ఆవిడ చెప్పిన చోటే పెట్టు” అన్నాడు.

“అంటే, చెయ్యి తీశారన్నమాట?” అని నేను ఆగలేక అడిగాను.

“అంటే ఏమీ కాదు. ఆ గుర్రం లేకపోయినా నేను గెలుస్తాను.”

శ్రీకారం గుర్రాన్ని దించాడు. మేం చూస్తుండగానే తెర మీద ఆవిడ బంటు కదిలి దాన్ని తినేసింది. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించినట్టు లేదు. అన్నేళ్లనుంచీ ఆ బంటు మీద చెయ్యి పెట్టుకునే కూర్చుందేమో.

ఆట రోజుల తరబడి సాగింది. రోజుకి ఒకటో రెండో ఎత్తులు. అత్తగారు వంట మధ్యలో వచ్చి తెర చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మళ్లీ వంటింట్లోకి వెళ్లేవారు. మామయ్య నిజంగానే గట్టిగా ఆడుతున్నాడని, పైకి తిడుతూనే మెచ్చుకునేవారు. ఒకరోజు మేమంతా అక్కడ ఉండగా తెర మీద మామయ్య మంత్రి, బలగం మొత్తానికీ పెద్దదిక్కు, నడుచుకుంటూ వచ్చి సరిగ్గా ఈవిడ ఏనుగు ఎదురుగా నిలబడ్డాడు. అత్తగారు కళ్లజోడు సరిచేసుకున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తారు.

“అక్కా” అంది అవతలి గొంతు. గది చివర ఉన్న నాకు కూడా వినపడింది. “మౌసు జారిందే.”

మా ఆవిడ కళ్లు అప్పుడే నీళ్లతో నిండిపోయాయి.

“ఏరా,” అన్నారు అత్తగారు, “గుర్రం అప్పుడు కూడా మౌసే జారిందా?”

అక్కణ్ణుంచి మొదలైంది. గుర్రం, గుర్రం ముందు జరిగినవి, చిన్నప్పుడు విరిగిన పలక, పోయిన గొడుగు, ఎవరి పెళ్లిలో ఎవరు ఎవరిని పలకరించలేదు, అన్నీ బయటికొచ్చాయి. పొయ్యి మీద కూర మాడింది. వాసన పట్టి మా ఆవిడ పరిగెత్తింది. అంత తిట్టుకుంటున్నా ఒక్కరూ ఫోన్ పెట్టలేదు. మధ్యలో అత్తగారు ఫోన్ను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ఎక్స్ఛేంజి రోజుల్లోలాగ, ఖాళీ అయిన చేత్తో మౌసు పట్టుకుని తమ్ముడి మంత్రిని తీసేశారు.

“తీసేశావా?” అంది ఫోను.

“తీసేశా. ముందు నువ్వు ఆ గొడుగు సంగతి చెప్పు.”

ఆ ఆట అత్తగారు గెలిచారు. మామయ్య వెంటనే ఇంకోటి మొదలుపెట్టించి గెలిచాడు. శ్రీకారానికి ఇద్దరూ రోజూ వంకలు పెట్టారు. గుర్రం మొహం గాడిదలా ఉందన్నారు, నల్లగళ్లు మరీ నల్లగా ఉన్నాయన్నారు. అతను తిట్లు తింటూ ఒక్కొక్కటీ సరిచేశాడు. “ఇంతేనా అనలేదన్నయ్యా, ఇంకా కావాలంటున్నారు” అని నాతో రహస్యంగా గొప్పలు పోయాడు.

మామయ్య కర్ర పట్టుకుని నడవడం మొదలయ్యాక, అత్తగారు పెట్టె సర్దుకుని తమ్ముడింటికి వెళ్లారు. నెలాఖరుకి వస్తానన్న మనిషి రాలేదు. చూసొద్దామని మేం వెళ్తే, ముందుగదిలో మామయ్య తన కంప్యూటరు ముందు ఉన్నాడు. పక్కగదిలో అత్తగారు, వెంట తెచ్చుకున్న తన కంప్యూటరు ముందు ఉన్నారు. మధ్యలో తలుపు తెరిచే ఉంది.

“ఎదురుగా బల్ల వేసుకుని ఆడుకోవచ్చు కదమ్మా!” అంది మా మరదలు.

“వాడి చేతులు చూడలేక చస్తాను” అన్నారు అత్తగారు. “ఇదే నయం.”

అలా ఈ గదిలో వేసిన ఎత్తు ఊరు దాటి, శ్రీకారం ఇంటికి వెళ్లి, అక్కడి సర్వరు గడప తొక్కి, మళ్లీ అంత దూరమూ వెనక్కొచ్చి పక్కగదికి చేరుతుంది. అందుకే శ్రీకారం తన కంప్యూటరు ఆపడానికి లేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా మా మరదలు ఆ తీగలు తాకదు. వాళ్లింట్లో కరెంటు పోయిందా, అక్కాతమ్ముళ్లిద్దరూ చెరో గదిలోంచి లేచొచ్చి, ఒకే ఫోన్లో, ఒకరి మాట ఒకరు అందుకుంటూ అతన్ని దులిపేస్తారు. ఆ కాసేపూ వాళ్లిద్దరిదీ ఒకటే మాట.